పేజీ నంబరు పడిన కాపురం

భార్యకో భర్తకో వీసా నిరాకరిస్తూ బ్రిటన్ హోమ్ ఆఫీస్ పంపే లేఖ పెద్దదేమీ కాదు, కొద్ది పేజీలే. ఇంట్లోవాళ్లు అందులో చదివేది ఒక్క ముక్క: రిజెక్ట్ అయింది. అప్పీళ్లు తయారుచేయడంలో చేయి తిరిగిన కేస్‌వర్కర్ మాత్రం, పని తెలిసిన దర్జీ బిగుతైన జాకెట్టుకు ఒక్కొక్క కుట్టే విప్పి పట్టేసింది ఎక్కడో చూసినట్టు, ఆ లేఖను వాక్యం వాక్యంగా విడదీస్తారు. ఎవరి దరఖాస్తుకైనా సరిపోయే అచ్చు వాక్యాలన్నిటినీ ముందు పక్కకు తోస్తారు. ఇక మిగిలేవి నాలుగైదు వాక్యాలు. ఆఫీసరు ఈ దంపతుల గురించి నిజంగా ఆలోచించి రాసినవి అవే, జవాబు చెప్పాల్సింది కూడా వాటికే.

ఆ జవాబునే అప్పీలు బండిల్ అంటారు. ఒకప్పుడు లావుపాటి ఫైళ్లలో ఉండేది, ఇప్పుడు ఒక పీడీఎఫ్. పాస్‌పోర్టు కాపీ నుంచి ఫోన్ కాల్స్ వివరాల దాకా ఒక కాపురానికి సంబంధించిన కాగితాలన్నీ అందులో ఒక వరుసలో ఉంటాయి. ముందు విషయసూచిక, ప్రతి పేజీకీ నంబరు. కోర్టులో లాయరు వాదించిన తీరు గురించి కథలు చెప్పుకుంటాం గానీ, ఈ సర్దుబాటును గుమాస్తా పనిగా తీసిపారేస్తాం. అది అన్యాయం. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ మహా అయితే ఒక పూట నడుస్తుంది. ఆ పూటకు ముందు జడ్జి చదివేదీ, తీర్పు రాసేటప్పుడు మళ్లీ తిరగేసేదీ బండిలే.

పనితనం తెలియడానికి ఒక జంటను ఊహించుకుందాం. ఆమె లెస్టర్‌లో నర్సు, బ్రిటిష్ పౌరురాలు. అతనిది గుంటూరు. పెద్దలు కుదిర్చిన సంబంధం, పెళ్లి గుంటూరులోనే జరిగింది. వీసా రాలేదు. అచ్చు వాక్యాలు పోగా లేఖలో మిగిలిన అభ్యంతరాలు మూడు. పెళ్లి తేదీ ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంది, పెళ్లయ్యాక మీ మధ్య రాకపోకలకూ మాటలకూ ఆధారం చాలదు కనుక ఈ బంధం నిజమైనదని, కొనసాగుతున్నదని నమ్మలేకపోతున్నాం. ఒక నెల జీతం పే స్లిప్పులో ఉంది గానీ బ్యాంకు స్టేట్‌మెంట్లో లేదు. నిబంధనలను పక్కనపెట్టి వీసా ఇవ్వాల్సినంత అసాధారణ పరిస్థితులేవీ మాకు కనబడలేదు.

ఈ మూడూ గాలిలోంచి ఊడిపడలేదు. ఒక్కోదాని వెనుకా ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లో ఒక నంబరుంది. కుటుంబ వీసాల ప్రధాన నిబంధనలు 2012 జులై 9న అమల్లోకి వచ్చిన అపెండిక్స్ ఎఫ్ఎం అనే అధ్యాయంలో ఉంటాయి. బంధం నిజమైనదై, కొనసాగుతూ ఉండాలన్నది ఈ-ఈసీపీ.2.6. ఆదాయం సంగతి ఈ-ఈసీపీ.3.1. ఏ ఆదాయానికి ఏ కాగితం చూపాలో చెప్పడానికి అపెండిక్స్ ఎఫ్ఎం-ఎస్ఈ అని మరో అనుబంధం. అసాధారణ పరిస్థితుల మాట జీఈఎన్.3.2లో ఉంటుంది. కేస్‌వర్కర్ మొదట ఒక కాగితం మీద మూడు గడులు గీస్తారు. మొదటి గడిలో ఆఫీసరు వాక్యం, రెండో గడిలో దాని వెనుకున్న నిబంధన, మూడో గడి ఖాళీ. ఆ మూడో గడి నిండితే బండిల్ తయారైనట్టే.

అయితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అప్పీలా, కొత్త దరఖాస్తా? అన్నిటికీ అప్పీలే మందని తొందరపడేవాళ్లు నష్టపోతారు. లోటు ఒక కాగితానిదే అయితే, దాన్ని సరిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టడమే చాలాసార్లు త్వరగా తేలే దారి. అప్పీలు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. కానీ బంధమే నిజం కాదని రాశారంటే సంగతి వేరు. ఆ మాట ఫైల్లో ఉండిపోయి తర్వాతి దరఖాస్తును కూడా వెంటాడుతుంది. దాన్ని జడ్జి చేత తుడిపించుకోవడమే మేలు. అప్పీలుకు ఇంకో ప్రమాదమూ ఉంది. ఓడిపోతే, తర్వాత ఎప్పుడు ఏ జడ్జి దగ్గరికి వెళ్లినా ఈ తీర్పునుంచే మొదలుపెడతారు. 2002 నాటి దేవశీలన్ కేసులో స్థిరపడిన పద్ధతి అది. అందుకని సగం సిద్ధమై అప్పీలుకు దిగడం కంటే దిగకపోవడమే నయం. మన జంటకు మొదటి అభ్యంతరమే అసలుది కాబట్టి అప్పీలే సరైన దారి. దరఖాస్తుదారు బ్రిటన్ బయట ఉంటే, నిర్ణయం చేతికందిన నాటి నుంచి గడువు 28 రోజులు. విచారణ కావాలంటే రుసుము 140 పౌండ్లు, కాగితాలు చూసి తేల్చితే చాలంటే 80. బంధం నిజమా కాదా అన్నచోట ఆ 60 పౌండ్లు మిగుల్చుకోవడం తెలివితక్కువ పని. ఆమె జడ్జి ముందు కూర్చుని మాట్లాడాలి.

ఇక తేదీ దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ల పెళ్లిని బయటివాడు చదివితే ఎక్కడ తడబడతాడో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. శుభలేఖలో ముహూర్తం ఇలా ఉంది: బుధవారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు, తెల్లవారితే గురువారం. మనకు ఇందులో విచిత్రమేమీ లేదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, అర్ధరాత్రితో కాదు. పెళ్లి సర్టిఫికెట్లో మాత్రం గురువారం తేదీ పడింది. రాత్రి భోజనాల దగ్గర తీసిన ఫొటోల మీద బుధవారం తేదీ ఉంది. శుభలేఖను ఇంగ్లీషులోకి మార్చినవారు బుధవారమని రాసి, తెల్లవారితే అన్న ముక్కను వదిలేశారు. ఆఫీసరు ముందున్న కాగితాల ప్రకారం ఒకే పెళ్లి రెండు తేదీల్లో జరిగింది. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు.

దీన్ని సరిచేసే తీరు చూడాలి. శుభలేఖకు కొత్తగా, పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా అనువాదం చేయిస్తారు. అనువాదం మూలానికి సరిగ్గా ఉందన్న ధ్రువీకరణ, అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, సంప్రదించే వివరాలు దాని కింద ఉండాలి. అవి లేని అనువాదానికి విలువ లేదు. దాని పక్కన పెళ్లి సర్టిఫికెట్. తర్వాత ఫొటోగ్రాఫరు దగ్గరున్న అసలు డిజిటల్ ఫైళ్ల నుంచి ఆరు ఫొటోలు. ఒక్కోదాని కింద కెమెరా నమోదుచేసిన తేదీ, గంట, నిమిషం. రాత్రి పదకొండుకు భోజనాలు, ఒంటిగంటకు గౌరీపూజ, రెండుంబావుకు జీలకర్ర బెల్లం, తర్వాత మంగళసూత్రం, తలంబ్రాలు, తెల్లవారుజామున అప్పగింతలు. బుధవారం తేదీ మెల్లగా గురువారంలోకి జరగడం జడ్జి కళ్లముందే కనిపిస్తుంది. చివరగా ఆమె వాంగ్మూలంలో రెండు వాక్యాల పేరా: మా ఆచారంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ముహూర్తం అర్ధరాత్రి దాటాక వచ్చింది కనుక ఇంగ్లీషు లెక్కలో అది గురువారం. ఆ వాక్యాల చివర బ్రాకెట్లో శుభలేఖ, సర్టిఫికెట్, ఫొటోలు ఉన్న పేజీల నంబర్లు. పంచాంగం పేజీ కూడా జత చేద్దామని పెళ్లికొడుకు తండ్రి అంటాడు. వద్దంటారు. నాలుగు కాగితాలు చాలినచోట అయిదోది పెడితే, ఇంకా ఏదో అనుమానం మిగిలిందనిపిస్తుంది.

పేర్ల విషయంలోనూ ఇలాంటి చిక్కే. మన పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టు దాన్ని విడదీసి సర్‌నేమ్ గడిలో వేస్తుంది. బ్యాంకు పొడి అక్షరంతో సరిపెడుతుంది. ఆమె పే స్లిప్పులో పెళ్లికి ముందున్న ఇంటిపేరే ఉంది. ఈ గొడవకంతా ఒకే పేజీలో పట్టిక వేస్తారు: ఏ కాగితంలో పేరు ఏ రూపంలో ఉంది, ఆ కాగితం ఏ పేజీలో ఉంది. ఆఫీసరు ఈ విషయం అడగలేదు. అయినా విచారణలో ఎవరికైనా తట్టవచ్చు కనుక, ప్రశ్న రాకముందే జవాబు అక్కడ ఉంటుంది.

పెళ్లయ్యాక మాట్లాడుకున్న దాఖలాలు ఎన్ని పెట్టాలన్నది మరీ సున్నితమైన లెక్క. కంగారుపడ్డ దంపతులు వాట్సాప్ సంభాషణ మొత్తం ప్రింటు తీసి వేల పేజీలు పంపుతారు. అంత కట్టను ఎవరూ చదవరు. పైగా చదవాల్సిన పేజీ అందులోనే మునిగిపోతుంది. మంచి కేస్‌వర్కర్ నెలకు రెండు మూడు పేజీల చొప్పున తీసుకుంటారు, అదీ ఏరుకున్నట్టు కనబడకుండా. ప్రతి నెలా ఒకే తేదీ చుట్టూ ఉన్నవి తీసుకోవడం ఒక పద్ధతి. పండగనాటి శుభాకాంక్షలకంటే మామూలు రోజు మాటలకే బలం ఎక్కువ. గ్యాసు బిల్లు, అమ్మ మోకాలి నొప్పి, నైట్ డ్యూటీ అయ్యాక నిద్రపట్టకపోవడం, సిలిండరు బుక్ చేశారా లేదా అన్న గొడవ. కాపురం ఆనవాళ్లు అక్కడుంటాయి. మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు కనుక ఆ పేజీలకూ అనువాదం కావాలి. ఎంచుకుని తక్కువ పెట్టడానికి ఇది ఇంకో కారణం. కాల్స్ వివరాలను నెలవారీ పట్టికగా కుదిస్తారు. ఆమె గుంటూరు వచ్చి వెళ్లిన ప్రయాణాలకు బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు మీది ముద్రలు. అతని ఖాతాకు ఆమె పంపిన డబ్బుకు రసీదులు.

ఈ లెక్కకు చట్టం ఆసరా కూడా ఉంది. 2012లో గౌడీ కేసులో అప్పర్ ట్రిబ్యునల్ ఒక మాట తేల్చింది. భార్యాభర్తలు ఒకరిపై ఒకరికి ఎంత ప్రేముందో రుజువులతో నిరూపించనక్కరలేదు, బంధం కొనసాగుతోందని తెలిస్తే చాలు. ఈ మాట విలువ తెలియాలంటే పాత రోజులు గుర్తుచేసుకోవాలి. 1997 దాకా బ్రిటన్‌లో ప్రైమరీ పర్పస్ రూల్ ఉండేది. బ్రిటన్‌లో స్థిరపడటం ఈ పెళ్లి ముఖ్యోద్దేశం కాదని వచ్చేవాళ్లే నిరూపించుకోవాలి. లేనిదాన్ని లేదని చూపించడం ఎవరి తరం? పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లున్న మన ఉపఖండం వాళ్లకు అది ఎక్కువగా తగిలింది. 1997 జూన్‌లో కొత్త లేబర్ ప్రభుత్వం ఆ నిబంధనను ఎత్తేసింది. ఇంకా వెనక్కి వెళితే, 1985కు ముందు మగవాళ్లు భార్యలను తెచ్చుకోవడం తేలిక, ఆడవాళ్లు భర్తలను తెచ్చుకోవడం కష్టం. అబ్దుల్ అజీజ్, కబాలెస్, బల్కందాలి అనే ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల కోర్టుకెక్కి, అది లింగవివక్షేనని 1985లో గెలిచారు. బ్రిటన్ సమానత్వం తెచ్చింది, తెచ్చిన తీరే వేరు. భర్తలకు దారి సుగమం చేయలేదు, భార్యలకూ అదే ముళ్లదారి పెట్టింది.

రెండో అభ్యంతరం డబ్బు. ఇక్కడ పని పూర్తిగా అంకెలతో. 2012లో భర్తనో భార్యనో రప్పించుకునే స్పాన్సర్‌కు ఉండాల్సిన కనీస వార్షికాదాయం 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 అయింది. ఈ అంకె ఎంత బరువో ఆమె వృత్తితోనే కొలవచ్చు. 2023-24లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన బ్యాండ్ 5 నర్సు జీతం 28,407 పౌండ్లు. అంటే దేశం తన ఆసుపత్రుల్లో నియమించుకున్న నర్సుకు, కొత్త నిబంధన ప్రకారం భర్తను తెచ్చుకోవడానికి 593 పౌండ్లు తక్కువ పడ్డాయి. ఆ తర్వాతి జీతాల పెంపుతో అది 29,970కి చేరి గండం గట్టెక్కింది. నా మటుకు నాకు ఈ ఒక్క లెక్కే ఆ నిబంధన మీద పెద్ద విమర్శ.

తక్కువ పడ్డవాళ్లకు ఒక సూత్రం ఉంది. తక్కువైన మొత్తాన్ని రెండున్నరతో గుణించి, దానికి 16,000 కలపాలి. అంత సొమ్ము ఆరునెలలపాటు ఖాతాలో ఉండి ఉండాలి. 593 తక్కువైతే 17,482 పౌండ్ల 50 పెన్స్. జీతమే లేకపోతే 88,500. గుణకం రెండున్నరే ఎందుకంటే, మొదట ఇచ్చే వీసా కాలం దాదాపు అంతే కనుక. ఏటా తక్కువయ్యే సొమ్మును అన్నేళ్లూ పూడ్చగలగాలన్నది ఆలోచన. ఆ లెక్క కఠినమే అయినా దాని వెనుకున్న తర్కం అర్థమైతే, పోనీ దాన్ని గీసినవాడికి గణితం వచ్చని ఒప్పుకోవాలి.

మన నర్సు అనుభవం ఉన్నావిడ, ఆమె జీతం 29,000 కంటే బాగా ఎక్కువే. మరి లోటెక్కడ? ఒకే యజమాని దగ్గర ఆరు నెలలుగా పనిచేస్తున్న జీతగాళ్లు ఆరు నెలల పే స్లిప్పులు, అవే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, యజమాని లేఖ ఇవ్వాలి. ఆ లేఖలో ఉద్యోగం, ఏడాది జీతం, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, ఈ జీతం ఎన్నాళ్లుగా అందుతోంది, ఉద్యోగం ఏ రకం అన్నవన్నీ ఉండాలి. కేస్‌వర్కర్ మళ్లీ ఒక పట్టిక గీస్తారు. ఆరు వరుసలు. పే స్లిప్పులో చేతికొచ్చే జీతం, ఖాతాలో పడ్డ మొత్తం, పడ్డ తేదీ, పేజీ నంబరు. నాలుగో వరుసలో ఖాతా గడి ఖాళీ. విచారిస్తే తేలిందేమిటంటే ఆమె ఆ నెలలో వేరే బ్యాంకుకు మారి, నెల తర్వాత పాత ఖాతాకే తిరిగొచ్చింది. కొత్త బ్యాంకు స్టేట్‌మెంట్ దరఖాస్తుతో పంపలేదు. ఒక్క పేజీ! ఆ పేజీ తెచ్చి పెడితే నాలుగో వరుస నిండుతుంది. వరసలో ఒక కాగితం మాత్రమే తప్పిపోతే ఆఫీసరు రాసి అడిగే వీలు నిబంధనల్లోనే ఉందని, ఆయన అడగలేదని వాదనలో ఒక వాక్యం చేరుస్తారు. నిష్ఠూరం లేకుండా, ఒకే వాక్యం.

అక్కడితో ఆగరు. జడ్జి నిర్ణయం నాటి పరిస్థితినే కాదు, విచారణ నాటి పరిస్థితిని కూడా చూడవచ్చు. అందుకే ఆదాయం కాగితాలు రెండు కట్టలుగా ఉంటాయి. పాత ఆరు నెలలవి, ఆనాడే అర్హత ఉందని చెప్పడానికి. విచారణకు ముందరి ఆరు నెలలవి, ఈనాటికీ ఉందని చెప్పడానికి. ఈ రెండో కట్ట మరిచిపోయి చేజేతులా బలహీనపడే బండిళ్లు చాలా ఉంటాయి.

ఇప్పటిదాకా చెప్పినవి భాగాలు. వీటిని ఒకచోట కలిపే ఇరుసు వేరే ఉంది. ఆ పొందిక నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. మీ నిబంధనలు మేం పాటించాం, అయినా వీసా ఇవ్వలేదు అని సూటిగా అప్పీలు చేసే హక్కు 2014 చట్టం అమలయ్యాక లేదు. అప్పీలు చేయగలిగింది ఒకే కారణంతో: ఈ తిరస్కరణ మా మానవహక్కును, అంటే యూరోపియన్ ఒడంబడిక 8వ అధికరణం ఇచ్చే కుటుంబ జీవిత గౌరవాన్ని, భంగపరుస్తోంది. అలాంటప్పుడు ముహూర్తం తేదీ, నాలుగో నెల జీతం ఎక్కడ ఇముడుతాయి? 2004లో రజ్గార్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ అయిదు ప్రశ్నల వరుస పెట్టింది. కుటుంబ జీవితంలో జోక్యం జరిగిందా? అది పట్టించుకోదగినంత తీవ్రమా? చట్టబద్ధమా? సరైన ఉద్దేశంతోనా? ఆ ఉద్దేశానికి తగిన మోతాదులోనా? మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే కుటుంబం నిజమైనదని తేలాలి. ముహూర్తం, ఫొటోలు, వాట్సాప్ పేజీలు అన్నీ అక్కడికి చేరతాయి. అయిదో ప్రశ్నలో ప్రభుత్వం తరఫున త్రాసులో పడే బరువు ఇమ్మిగ్రేషన్ నియంత్రణ. నిబంధనలన్నీ నెరవేరాయని తేలితే ఆ బరువు ఇంకెక్కడిది? 8వ అధికరణం వర్తించే కేసులో దరఖాస్తుదారు నిబంధనలను తీర్చినట్టయితే అప్పీలు అతని పక్షానే తేలాలని 2018లో టీజెడ్ పాకిస్తాన్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. ముందు గుమ్మంలోంచి తోసేసిన నిబంధనల వాదన ఇలా పెరటి గుమ్మంలోంచి హాయిగా లోపలికొస్తుంది. బండిల్‌లో ప్రతి కాగితమూ ఈ అయిదింటిలో ఏదో ఒక ప్రశ్నకు పనికిరావాలి. పనికిరాకపోతే తీసేస్తారు.

మూడో అభ్యంతరానికి జవాబు ఇదే చోట మొదలవుతుంది. కనీసాదాయ నిబంధన చట్టబద్ధమేనని 2017 ఫిబ్రవరిలో ఎంఎం లెబనాన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ పిల్లల మేలును, ఇతర ఆదాయ వనరులను పట్టించుకోవడంలో రూల్స్ విఫలమయ్యాయని తప్పుపట్టింది. ఆ తీర్పు వల్లే అదే ఏడాది ఆగస్టు 10న జీఈఎన్.3.1, 3.2 చేరాయి. నిబంధనలు తీరకపోయినా, తిరస్కరణవల్ల దరఖాస్తుదారుకో భాగస్వామికో పిల్లలకో అన్యాయమైనంత కఠిన ఫలితం కలుగుతుందా అని ఆఫీసరే చూడాలి. మన కేసులో ప్రధాన వాదన నిబంధనలు తీరాయనే. అయినా అది జడ్జికి ఒప్పుదల కాకపోతే నిలబడటానికి రెండో మెట్టుగా దీన్ని కడతారు. ప్రభుత్వం తరఫున వచ్చే ప్రశ్న ముందే తెలుసు: ఆమెకు భారత్‌లో ఉండిపోవడానికి వీలిచ్చే ఓసీఐ కార్డుంది, గుంటూరు వెళ్లి కాపురం చేసుకోవచ్చు కదా? దీనికి ఆవేశం జవాబు కాదు. లెస్టర్‌లో తల్లికున్న జబ్బుకు ఆసుపత్రి లేఖ, ఆమెను చూసుకునేది కూతురేనని వైద్యుడి మాట, ఇంటి అప్పు కాగితం, ఉద్యోగంలో ఇన్నేళ్ల సర్వీసు. ఒక్కోటీ ఒక్కో పేజీ.

ఇక్కడే కొత్తవాళ్లు తొట్రుపడే సంగతొకటి ఉంది. అతనికి ఇంగ్లీషు బాగా వచ్చని, వాళ్లు ప్రభుత్వ సాయం మీద బతకరని గొప్పగా రాస్తారు. 2002 చట్టంలోని 117బి సెక్షన్ ఈ రెండిటినీ ప్రస్తావిస్తుంది నిజమే. కానీ అవి లేకపోతే నష్టం ఉంటుంది గానీ, ఉన్నందువల్ల త్రాసు మనవైపు మొగ్గదు. చేయి తిరిగినవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. అతిగా వాదించిన చోటే జడ్జి పెన్ను ఆగుతుందని వాళ్లకు తెలుసు.

వాంగ్మూలాలు అన్నిటికంటే కష్టమైన భాగం. అతను విచారణలో ఉండడు. వేరే దేశం నుంచి వీడియోలో సాక్ష్యం చెప్పాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని ముందుగా తేలాలని 2021లో అగ్బాబియాకా కేసులో అప్పర్ ట్రిబ్యునల్ చెప్పింది. ఆచరణలో బోనెక్కేది ఆమె ఒక్కతే. అతని తరఫున మాట్లాడేది కాగితమే. అందుకే అతని వాంగ్మూలం అతని మాటలాగే ఉండాలి, సొలిసిటర్ మాటలాగా కాదు. ప్రతి పేరాకూ నంబరు, పేరాకు ఒకే విషయం. సంబంధం ఎవరు తెచ్చారు, మొదటిసారి ఎక్కడ చూసుకున్నారు, పెళ్లి, ఆమె తిరిగివెళ్లిన రోజు, ఇప్పుడు రోజూ ఏ వేళకు మాట్లాడుకుంటారు, ఎందుకు ఆ వేళకే. ఆమె నైట్ డ్యూటీ ముగిసేసరికి గుంటూరులో మధ్యాహ్న భోజనం వేళ అవుతుంది, అప్పుడు. ఈ ఒక్క వివరం రోటా పట్టికతోనూ కాల్స్ పట్టికతోనూ సరిపోతే పదిమంది బంధువుల లేఖలకంటే బలంగా నిలుస్తుంది. ఇద్దరి వాంగ్మూలాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండకూడదు. మొదటి చూపుల నాడు ఆమెకు గుర్తున్నది అతనికి గుర్తుండకపోవచ్చు, అలాగే వదిలేస్తారు. తేదీలు మాత్రం పొల్లుపోకుండా కలవాలి. చివర, ఇందులో రాసినదంతా నిజమన్న ప్రకటన, సంతకం.

అన్నీ సమకూరాక వరుస పెడతారు. ముందు తిరస్కరణ లేఖ, తర్వాత వాంగ్మూలాలు, బంధానికి సంబంధించినవి, ఆదాయానివి, తల్లి ఆరోగ్యానివి. పేజీ నంబర్లు వేసేది ఆఖరున. తొందరపడి ముందే వేస్తే, మధ్యలో ఒక కాగితం చేరగానే వాంగ్మూలాల్లో, పట్టికల్లో ఇచ్చిన నంబర్లన్నీ చెడిపోతాయి. పీడీఎఫ్‌లో ఫైలు చూపే పేజీ అంకె, కాగితం మీద వేసిన అంకె ఒకటే కావాలి. తేడా వస్తే విచారణలో జడ్జి ఒక పేజీ, లాయరు ఒక పేజీ తెరిచి కూర్చుంటారు. విషయసూచికలో ‘ఇతర పత్రాలు’ అన్న పద్దు ఉండకూడదు. ప్రతి పద్దులో అదేమిటో, ఏ తేదీదో, ఏ పేజీలో ఉందో రాసి ఉండాలి. సూచికను ఒక్కసారి చదివితే కేసు కథ తెలిసిపోవాలి. నేను చూసిన మంచి సూచికలకు ఆ గుణముంది.

బండిల్ మీద తల వంటిది స్కెలిటన్ ఆర్గ్యుమెంట్. మూడు భాగాలు: క్లుప్తంగా కేసు వాస్తవాలు, తేల్చాల్సిన అంశాల పట్టిక, ఒక్కో అంశం మీద వాదన. మొదట గీసిన మూడు గడుల కాగితం ఇక్కడ అసలు రూపం దాలుస్తుంది. ఖాళీగా ఉన్న మూడో గడిలో ఇప్పుడు పేజీ నంబర్లున్నాయి. దీన్ని చదివి హోమ్ ఆఫీస్ ప్రతి అంశానికీ తన వైఖరి చెప్పాలి. బండిల్ గట్టిగా ఉంటే ఈ దశలోనే నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం కద్దు. అలా కోర్టు గుమ్మం తొక్కకుండా ముగిసిన కేసుల్లో ఆ పని చేసినవారి పేరు ఎవరికీ తెలియదు. ఏ తీర్పులోనూ రాదు.

ఇలాంటి కుటుంబ కేసులకు 2013 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ న్యాయసహాయం దాదాపు లేదు. కాబట్టి చాలామంది డబ్బు పెట్టి మనిషిని వెతుక్కుంటారు. అక్కడ ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చేవారు సొలిసిటరో బారిస్టరో అయి ఉండాలి, లేదా ప్రభుత్వ నియంత్రణ సంస్థ దగ్గర నమోదై ఉండాలి. నమోదు లేకుండా సలహా ఇవ్వడం నేరం. తెలిసినవాళ్లున్నారని వాట్సాప్ గ్రూపులో పేరు చెప్పగానే డబ్బు కట్టే మనవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

విచారణ రోజున ఆమెను ప్రశ్నించేది హోమ్ ఆఫీస్ తరఫు ప్రెజెంటింగ్ ఆఫీసరు. పెళ్లి ఏ రోజు జరిగిందని అడుగుతారు. ఆమె గురువారం అంటుంది. మరి శుభలేఖలో బుధవారం అని ఉందే? ఆమె లాయరు లేవనక్కరలేదు. జడ్జి అప్పటికే ఆ పేజీ తెరిచి ఉంటారు, ఫొటోల కింది సమయాలు చూసి ఉంటారు. ఆ ప్రశ్న ఎక్కువసేపు సాగదు. నిరూపించాల్సిన భారం అప్పీలు చేసినవారిదే అయినా, కొలత మాత్రం సందేహమే లేనంత రుజువు కాదు. ఇది నిజమయ్యే అవకాశం కానిదానికంటే ఎక్కువ అని తోస్తే చాలు.

తీర్పు కొన్ని వారాల్లో రాతపూర్వకంగా వస్తుంది. అప్పీలు నెగ్గినా, హోమ్ ఆఫీస్ పైకి వెళ్లడానికి అనుమతి అడిగేందుకు కొంత గడువు ఉంటుంది. అదీ చట్టంలో తప్పు జరిగిందన్న కారణం మీదే, వాస్తవాలు నచ్చలేదని కాదు. అడగకపోతే వీసా కోసం పాస్‌పోర్టు పంపమని గుంటూరుకు కబురొస్తుంది. దరఖాస్తుతో పెట్టిన టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, అప్పీలు నడిచేలోపు అది ఎప్పుడో చెల్లకుండా పోయింది. అందుకే ఆ గడువు దాటగానే కేస్‌వర్కర్ అతనికి పంపే మెయిల్‌లో అభినందనల తర్వాతి వాక్యం, ఆమోదించిన క్లినిక్‌లో మళ్లీ టీబీ పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకొమ్మని.